బాంబు కంటే ముందు అక్కడొక బడి ఉండేది

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలందరి పేర్లూ చదివితే నాకిచ్చిన సమయం కాస్తా అయిపోతుంది, మన్నించండి. ఆరుబయటి చదువుల గురించి మాట్లాడమన్నారు. నేను ఒక్క బడి గురించే మాట్లాడతాను.

లాస్ అలమోస్ అనగానే మీకేం గుర్తొచ్చింది? అణుబాంబే కదా! నా బాధ అదే. అమెరికాలోని న్యూ మెక్సికోలో, 7,000 అడుగులకు పైన, పహరీటో పీఠభూమి మీద 1917లో ఆష్లీ పాండ్ మగపిల్లల కోసం రాంచ్ స్కూల్ పెట్టాడు. చిన్నప్పుడు తరచూ జబ్బుపడినవాడు. పిల్లల ఒళ్ళు గట్టిపడాలంటే ఆరుబయటే పెరగాలని నమ్మాడు. ఆ బడిని తీర్చిదిద్దింది మాత్రం అటవీ ఉద్యోగం చేసి వచ్చిన ఏ.జె. కానెల్.

ప్రతి పిల్లాడికీ ఒక గుర్రం. దాని ఆలనాపాలనా వాడిదే. మంచు కురుస్తున్నా నిక్కర్లే. రాత్రి పడక వెచ్చటి గదిలో కాదు, వరండాలో! ఏడాది పొడవునా అంతే. ఫీజు కలవారే కట్టగలిగేది, ఆ మాట దాచను. కానీ కలవారి పిల్లల చేత గుర్రాన్ని మాలిష్ చేయించిన బడి అది.

ఇక 1942. ఎవరో కొత్తవాళ్ళు మారుపేర్లతో వచ్చి చుట్టూ చూసి వెళ్తున్నారు. స్టర్లింగ్ కోల్‌గేట్ అనే విద్యార్థి, అతని స్నేహితులు వాళ్ళను గుర్తుపట్టేశారు: పేరుమోసిన భౌతికశాస్త్రవేత్తలు ఓపెన్‌హైమర్, లారెన్స్! పుస్తకాల్లో ఫొటోలు చూసిన పిల్లలు మరి. డిసెంబరులో అమెరికా యుద్ధ శాఖ ఉత్తరం వచ్చింది, స్థలం ఖాళీ చేయమని. అణుబాంబు తయారీకి ఆ చోటు కావాలి వాళ్ళకు. మిగిలిన పాఠాలు హడావుడిగా ముగించారు. 1943 జనవరిలో ఆఖరుగా పట్టా పుచ్చుకున్నది నలుగురే. అందులో కోల్‌గేట్ ఒకడు. పెద్దయ్యాక అదే లాస్ అలమోస్‌కు భౌతికశాస్త్రవేత్తగా తిరిగొచ్చాడు. పాతికేళ్ళ బడి రెండు నెలల్లో పోయింది, వినండి, రెండు నెలల్లో! కానెల్ 1944లోనే కన్నుమూశాడు.

బడి ఒక్కటే కాదు. ఆ పీఠభూమి మీద సేద్యం చేసుకునే హిస్పానిక్ (స్పానిష్ మూలాలున్న) కుటుంబాలనూ వెళ్ళగొట్టారు. వాళ్ళ వారసులకు పరిహార నిధి పెట్టడానికి అమెరికా కాంగ్రెస్‌కు 2004 దాకా తీరలేదు. నేను ఆరుబయటి చదువు దగ్గర మొదలుపెట్టి ఇక్కడికి వచ్చాను, తెలుసు. కానీ ఇది చెప్పకుండా అది చెప్పలేను.

1928లో నిలువు దుంగలతో కట్టిన బడి భోజనశాల, ఫుల్లర్ లాడ్జ్, ఇప్పటికీ ఉంది. ఈసారి మీకెవరైనా ఓపెన్‌హైమర్ ఇల్లంటూ ఫొటో చూపిస్తే ఒక్క మాట చెప్పండి. ఆ ఇల్లు 1929లో కానెల్ సోదరి మే కోసం కట్టింది.