బంగారాన్ని బంగారంతో గుద్దితే గ్యాస్ రావాలి, కానీ వచ్చింది వేరే

[తెరపై: పళ్లెంలో రెండు అప్పడాలు]

వీటిని పక్కన పెట్టుకోండి, కాసేపట్లో పని పడుతుంది. అప్పటిదాకా తినేయకండి.

న్యూయార్క్ రాష్ట్రంలో, లాంగ్ ఐలాండ్ మీద బ్రూక్‌హేవెన్ అనే ల్యాబ్ ఉంది. అక్కడ 3.8 కిలోమీటర్ల చుట్టుకొలత ఉన్న రిక్ అనే యంత్రంలో 2000 నుంచి బంగారాన్ని బంగారంతో గుద్దించారు. బంగారం అనగానే కంగారు పడకండి, బిస్కెట్లు కావు, ఎలక్ట్రాన్లన్నీ ఒలిచేసిన ఒట్టి కేంద్రకాలు. ఒక్కోదాంట్లో 79 ప్రోటాన్లు, 118 న్యూట్రాన్లు. అవి కాంతి వేగంలో 99.995 శాతంతో ఎదురెదురుగా వస్తాయి. అంత వేగంలో ఉన్న వస్తువు మనకి, అది వెళ్లే దిశలో, నొక్కేసినట్టు కనిపిస్తుందని ఐన్‌స్టైన్ చెప్పాడు కదా, ఇక్కడ ఆ నొక్కుడు సుమారు వంద రెట్లు. లడ్డూలా ఉండాల్సింది అప్పడం అయిపోతుంది.

ఢీకొన్న చోట వేడి 4 లక్షల కోట్ల డిగ్రీలు. సూర్యుడి నడిబొడ్డు కంటే రెండున్నర లక్షల రెట్లు ఎక్కువ. ఆ వేడికి ప్రోటాన్లూ న్యూట్రాన్లూ కరిగిపోయి, మామూలుగా వాటిలోంచి బయటికి రాని క్వార్కులు, వాటిని అతికించే గ్లూయాన్లు కలగలిసిపోతాయి. దీన్నే క్వార్క్ గ్లూయాన్ ప్లాస్మా అంటారు. బిగ్ బ్యాంగ్ తర్వాత మొదటి కొన్ని మైక్రోసెకన్లు విశ్వమంతా ఇదే.

ఇంత వేడిలో అది గ్యాస్‌లా ఉంటుందనీ, క్వార్కులు ఒకదాన్నొకటి పట్టించుకోకుండా ఎవరి దారిన వాళ్లు పోతారనీ చాలామంది అనుకున్నారు. మరి ఏముందో చూడాలంటే? అది కంటితో కాదు కదా, ఏ కెమెరాతోనూ చూసేది కాదు, సెకనులో లక్ష కోట్ల వంతు కంటే ఎంతో తక్కువ సేపట్లో చల్లారి మామూలు కణాలై ఎగిరిపోతుంది, డిటెక్టర్‌కి చిక్కేవి ఆ కణాలే.

[తెరపై: ఒక అప్పడం మీద రెండోది సగం జరిపి]

ఇప్పుడు అప్పడాలు తీయండి. కేంద్రకాలు ప్రతిసారీ సరిగ్గా నడిమధ్యలో గుద్దుకోవు, ఇలా కొంచెం పక్కకి జరిగి తగులుతాయి. రెండూ కలిసిన భాగం చూడండి, నిలబెట్టిన బాదం పప్పులా ఉందా? వేడి ముద్ద అక్కడే పుడుతుంది. అది గ్యాస్ అయితే లోపలి కణాలకి ఈ ఆకారంతో పనే లేదు, అన్ని వైపులకీ సమానంగా పోతాయి. ద్రవం అయితే కథ వేరు. మధ్యలో పీడనం విపరీతం, బయట శూన్యం. బాదం సన్నగా ఉన్న పక్కన మధ్య నుంచి అంచుకి దూరం తక్కువ, కాబట్టి పీడనం అటువైపు చటుక్కున పడిపోతుంది, అందుకే తోపు అటే గట్టిగా ఉంటుంది. కణాలు అటువైపు ఎక్కువగా రావాలి.

వచ్చాయి! అదీ జిగట దాదాపు లేని ద్రవానికి లెక్కలు వేస్తే ఎంత తేడా వస్తుందో, ఇంచుమించు అంత. 2005 ఏప్రిల్‌లో రిక్ మీద పనిచేసే నాలుగు బృందాలూ కలిసి ప్రకటించాయి, ఇది గ్యాస్ కాదు, ఇంచుమించు పర్‌ఫెక్ట్ ద్రవం అని. (ఆ నాలుగింట్లో స్టార్ అనే ప్రయోగానికి ఒక డిటెక్టర్ మన కోల్‌కతా వాళ్లు ముందుండి కట్టిందే, ఈ మాట ఎవరూ చెప్పరు.) ఇక అప్పడాలు తినేయొచ్చు.

తర్వాత 2010 నవంబర్‌లో జెనీవా దగ్గర సెర్న్ అనే ల్యాబ్‌లో సీసం కేంద్రకాలను ఇంకా ఎక్కువ శక్తితో గుద్దితే అక్కడా ద్రవమే. దాంతో పెద్దగా ఎవరూ ఆశ్చర్యపోలేదు. తల గోక్కున్నది దానికి కాస్త ముందు, అదే ఏడాది అక్కడే ప్రోటాన్‌ని ప్రోటాన్‌తో గుద్దినప్పుడు. కణాలు బాగా ఎక్కువగా పుట్టిన కొన్ని గుద్దుళ్లలో, పెద్ద కేంద్రకాల్లో చూసినటువంటి గుర్తే ఒకటి కనిపించింది. ఒక్క ప్రోటాన్ ఎంత, దాంట్లో ద్రవం ఏంటి? నిజంగా చిన్న చుక్క పుడుతోందా, లేక వేరే కారణంతో అలా కనిపిస్తోందా అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది.