పాత జీపుకి ఫ్రీవీల్ హబ్బులు: డబ్బులు దండగా, కాదా?

నమస్తే అందరికీ. ముందు ఒక చప్పుడు వినిపిస్తా, చెవిలో పెట్టుకునేవి ఉంటే పెట్టుకోండి. వినబడిందా, ఆ ఊఁ అని సాగేది? జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు వచ్చేటప్పుడు స్పీడు 50 దాటితే చాలు, కాళ్ళ కింద నుంచి ఇది మొదలవుతుంది. బండి మా నాయన కొన్న మహీంద్రా డీజిల్ జీపు, తొంభైల నాటిది, ఫోర్ వీల్, అంటే లీవర్ వేస్తే నాలుగు చక్రాలూ లాగేది.

ఏడాదిలో ఈ ఫోర్ వీల్ మాకు అక్కరకొచ్చేది ఎన్నాళ్ళు? అక్టోబరు, నవంబరులో వాన పడి నల్లరేగడి నానినప్పుడు, శనగ విత్తనాల మూటలు చేనికి చేర్చాలి, అంతే. ఆ బురద సంగతి మనోళ్ళకి చెప్పాలా, చెప్పు అక్కడే ఉండి కాలు ఒక్కటే పైకొస్తుంది. మిగతా కాలమంతా తారు రోడ్డే. కానీ నా బండికి ముందు చక్రాల మధ్యలో ఉన్నది ఇదిగో, ఈ మామూలు ఫ్లాంజ్, చక్రాన్ని యాక్సిల్‌కి కట్టిపడేసే ఇనుప మూత. దీనికి వదిలేయడం తెలీదు. మనం లీవర్ టూ వీల్‌లో పెట్టుకున్నా సరే, చక్రం తిరిగితే యాక్సిల్ తిరుగుతుంది, హౌసింగ్‌లో క్రౌను, పినియను అనే పళ్ళ చక్రాలు తిరుగుతాయి, వాటెంబడి ముందు ప్రొపెల్లర్, అదే గేర్ల నుంచి ముందు యాక్సిల్ దాకా వచ్చే పొడుగు రాడ్డు, అది కూడా తిరుగుతుంది. ఇంజన్ తిప్పట్లేదు, రోడ్డు తిప్పుతోంది. చప్పుడు దానిదే అనుకున్నా.

ఫ్లాంజ్ తీసేసి ఆ చోట ఈ హబ్బు పెడితే, మీద డయల్ ఉంది చూడండి, ఫ్రీ వైపు తిప్పితే చక్రం ఒక్కటే తిరుగుతుంది, లాక్ వైపు తిప్పితే చక్రమూ యాక్సిలూ ఒకటవుతాయి.

కొనడంలో నేను చేసిన తప్పు చెప్తా, నవ్వుకోండి. ఆన్‌లైన్‌లో ఒకచోట 'జీపులన్నిటికీ సరిపోతుంది' అని రాసుంటే కళ్ళు మూసుకుని ఆర్డర్ పెట్టేశా. పెట్టె వచ్చింది, పట్టుకెళ్ళి యాక్సిల్ షాఫ్ట్ మీద పెడితే ఎక్కదే! నా షాఫ్ట్ చివర 10 పళ్ళు, హబ్బు లోపల దానికన్నా ఎక్కువ. వాపసు పంపడానికి పట్టిన టైములో ఒక వాన కూడా పడిపోయింది. రెండోసారి కడపలో పాత స్పేర్ పార్టుల అంగళ్ళు తిరిగా, ఈసారి విప్పిన ఫ్లాంజునే సంచిలో వేసుకెళ్ళా. ఫోనులో ఫోటో చూపిస్తే ప్రతి అంగడివాడూ 'పడుతుంది సార్' అంటాడు, ఇనుము బల్ల మీద పెడితేనే నిజం చెప్తాడు. పళ్ళు లెక్కపెట్టండి, బోల్టు రంధ్రాలు, నాకు 6, ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి, బోల్టు మర కూడా చేత్తోనే ఎక్కించి చూడండి, ఎందుకంటే బలవంతంగా బిగిస్తే బోల్టు ఎక్కే చోట మర పోతుంది. ఇంకోటి, కొన్ని హబ్బులకు షాఫ్ట్ చివర సర్క్లిప్, అంటే గాడిలో పడే స్ప్రింగు రింగు వేయాలి, ఆ గాడి మీ షాఫ్ట్‌కి ఉందో లేదో ఇంట్లోనే చూసుకుని బయల్దేరండి. డయల్‌ని అంగట్లోనే పదిసార్లు తిప్పండి, టక్కుమని పడాలి, మధ్యలో ఎక్కడా నలగకూడదు. ధర ఎంతని అడగొద్దు, నేను తిరిగిన నాలుగు అంగళ్ళలో నాలుగు రేట్లు.

సరే, తెచ్చా. మా మెకానిక్ మామ హబ్బుల పెట్టె వైపు చూడను కూడా చూడలేదు. "అబ్బీ, అది తర్వాత, ముందు చక్రం పట్టుకుని ఊపు" అన్నాడు. జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే టకటకా ఆడింది. నన్ను బ్రేకు తొక్కమని మళ్ళీ ఊపాడు, ఆట పోయింది. బ్రేకు తొక్కినప్పుడు పోతే బేరింగ్, తొక్కినా ఉంటే కింగ్‌పిన్, స్టీరింగ్ తిప్పితే చక్రం పక్కకి తిరిగేది దాని మీదే. ఇంతే లెక్క, ఇన్నేళ్ళుగా బండి నడుపుతున్నా నాకు తెలీదు. ఈ వీడియోలో మీకు పనికొచ్చేది ఒకటే ఉందంటే ఇదే అనుకోండి.

విప్పితే లోపల చూడండి, కెమెరా దగ్గరికి తెస్తా. గ్రీజు నల్లగా, పలచగా అయిపోయింది. ఆయిల్ సీల్ పోయి హౌసింగ్ ఆయిల్ ఇక్కడికి కారి గ్రీజును కడిగేసింది. డీజిల్లో కడిగి గుడ్డతో తుడిస్తే రోలర్ల మీద గుంటలు, గోటితో రాస్తే తెలుస్తున్నాయి. దీని మీద కొత్త హబ్బు బిగించి ఉంటే డయల్ తిప్పుకుంటూ మురిసిపోయేవాణ్ణి, బేరింగ్ ఏ చేను మధ్యలోనో పట్టేసేది. బేరింగులు కప్పులతో సహా మార్చాం, సీళ్ళు మార్చాం. ఆ నట్టు బిగించే పద్ధతి చూడండి: చక్రం చేత్తో తిప్పుతూ బాగా బరువెక్కేదాకా బిగించాడు, తర్వాత ఆరోవంతు చుట్టు వెనక్కి. నట్టుకి ఆరు మొహాలు కదా, ఒక్క మొహం వెనక్కి. ఆపైన లాక్ వాషర్, రెండో నట్టు, వాషర్ చెవి మడత.

హబ్బు బిగించడం దీని ముందు పిల్లల పని. పేపర్ ప్యాకింగ్, 6 బోల్టులు, ఎదురెదురువి ఒకదాని తర్వాత ఒకటి. జాగ్రత్త గ్రీజు దగ్గర. బేరింగుకి రోలర్ల మధ్య నిండా కూరాలి, హబ్బు లోపలికి మాత్రం వేలితో పలచగా రాస్తే చాలు. గుప్పెడు పెడితే లోపల కదలాల్సిన ముక్క కదలదు, చలికాలం పొద్దున డయల్ లాక్ చూపిస్తుంది, లోపల పడి ఉండదు.

పరీక్ష ఇలా చేయండి. లీవర్ టూ వీల్‌లో ఉంచి, ఒక చక్రం మాత్రమే ఎత్తండి. ఫ్రీలో తిప్పితే ముందు ప్రొపెల్లర్ కదలకూడదు. రెండు హబ్బులూ లాక్‌లో పెట్టి తిప్పితే కదలాలి. రెండో వైపు కూడా చూడండి, ఒక్కటి లాకయ్యి ఇంకోటి ఫ్రీగా ఉంటే ఫోర్ వీల్ వేసినా ముందు నుంచి లాగుడు రాదు. డయల్ చేత్తోనే తిప్పాలి, కటింగ్ ప్లేయర్ ముట్టుకోవద్దు. బిగుసుకుంటే బండి కొంచెం ముందుకో వెనక్కో జరిపి తిప్పండి.

మంచి ఏంటి? స్టీరింగ్ తేలికైంది. మైలేజీ పెరుగుతుందని కొనేవాళ్ళకి చెప్తున్నా, నాకు లెక్కపెట్టేంత తేడా కనబడలేదు. అనుకోకుండా దొరికిన లాభం ఇంకోటుంది: హబ్బులు ఫ్రీలో ఉంచి లో రేంజి, అంటే వేగం తగ్గించి లాగుడు పెంచే గేరు వేస్తే వెనక చక్రాలకే లో దొరుకుతుంది. ట్రాలీని కల్లంలోకి రివర్స్ పెట్టేటప్పుడు నత్తలా కదులుతుంది, మెలిక తిప్పినా టైర్లు ఈడ్చుకోవు. కాకపోతే బరువంతా వెనక యాక్సిల్ మీదే, దిగబడినప్పుడు ఇలా చేయకండి. పొడి తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేయడం ఎలాగూ వద్దు, ఈ బండ్లకి మధ్యలో డిఫరెన్షియల్, అంటే ముందు వెనక చక్రాల్ని వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్లు లేవు, లీవర్ బిగుసుకుపోతుంది.

చెడు ఏంటంటే, వానలో దిగాలి. బురదలోకి పోయాక గుర్తొస్తే మోకాళ్ళ దాకా దిగి తిప్పాలి, కాబట్టి చేని గట్టు దగ్గరే తిప్పేసుకోండి. నెలకోసారి లాక్ చేసి, లీవర్ టూ వీల్‌లోనే ఉంచి కొన్ని కిలోమీటర్లు తిప్పండి, లేకపోతే ముందు హౌసింగ్‌లో ఆయిల్ అడుగునే కూర్చుంటుంది. ఏడాది పొడుగునా కొండదారుల్లో తిరిగే బండయితే దీని జోలికి పోకండి, ఫ్లాంజే గట్టిది. నా ఫ్లాంజులు కూడా పారేయలేదు, సీటు కింద గోనెసంచిలో బోల్టులతో సహా ఉన్నాయి, హబ్బు విరిగిన రోజు అవే ఇల్లు చేరుస్తాయి.

ఇప్పుడు అదే రోడ్డు, అదే 50. వినండి.

ఇంకా కొంచెం ఉంది కదా? అవును, అది వెనక క్రౌన్. మామ పోయిన వారమే చెప్పాడు, నేనే విననట్టు ఉన్నా.