మందు మానినప్పటి వణుకు: చిట్టెలుకలు చెప్పిన సంగతి

సభకు నమస్కారం.

దూబగుంట ఆడవాళ్లు సారాపై తిరగబడిన నెల్లూరు జిల్లాలో నిలబడి, తాగుడులో పుట్టుకకూ పాత్ర ఉందని చెప్పడం కొందరికి నచ్చకపోవచ్చు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధింపజేసిన ఆ పోరాటాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. మందు మానేసిన మనిషి ఒంట్లో ఆ తర్వాత ఏం జరుగుతుందన్నదే నేను చెప్పదలచిన విషయం.

1959లో మెక్‌క్లెర్న్, రాడ్జర్స్ అనే పరిశోధకులు వేర్వేరు వంశాల చిట్టెలుకల ముందు మంచినీళ్లు ఒక సీసాలో, ఆల్కహాల్ కలిపిన నీళ్లు మరో సీసాలో ఉంచితే, సి57 వంశపు నల్ల ఎలుకలు మందు సీసానే ఎక్కువగా వెతుక్కున్నాయి. డిబిఎ వంశపు ఎలుకలు దాన్ని దాదాపు ముట్టవని ఆ తర్వాతి పరిశోధనల్లో తేలింది. ఇరవై తరాలకు పైగా తోడబుట్టిన వాటినే జతకలిపి పెంచడంవల్ల ఒక వంశంలోని ఎలుకలన్నీ కవలల్లా ఒకే జన్యువులతో ఉంటాయి; అందుచేత ఒకే గదిలో, ఒకే మేతతో పెరిగిన రెండు వంశాల తీరు వేరైతే, కారణం కోసం జన్యువులనే చూడాలి.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది దీని తర్వాతి సంగతి. డిబిఎ ఎలుకలు తమంతట తాము తాగవు కాబట్టి, రెండు వంశాలనూ ఆల్కహాల్ ఆవిరి నిండిన పెట్టెలో ఉంచి, తర్వాత బయటికి తీసి, తోక పట్టి మెల్లగా పైకెత్తి, మూర్ఛ (ఫిట్స్) వస్తుందేమో చూస్తారు. మందు ముట్టని ఈ వంశానికే మూర్ఛలు తీవ్రంగా వస్తాయి. ఇష్టంగా తాగే సి57కు స్వల్పంగా వస్తాయి. మందు మెదడును అణచి ఉంచుతుంది, మెదడు దానికి ఎదురు తన్నుతూ సర్దుకుంటుంది. అణచే మందు హఠాత్తుగా పోతే ఆ ఎదురుతన్ను ఒక్కటే మిగిలి, వణుకుగా, ఫిట్స్‌గా బయటపడుతుంది. ఈ తీవ్రతలో తేడాకు ఒక కారణంగా ఎలుకల నాలుగో క్రోమోజోమ్‌పై ఎంపిడిజడ్ అనే జన్యువును 2004లో గుర్తించారు. అయితే అదొక్కటే కారణం కాదు; ఎలుకలో దొరికిన జన్యువు మనిషిలోనూ అంతే పని చేస్తుందని తొందరపడి అనడం సరికాదు.

కాని ఎక్కువ తాగేవాడికే ఎక్కువ వణుకు రావాలన్న నియమం లేదన్నది మాత్రం ఈ ఎలుకలు మనకు గట్టిగా చెబుతున్నాయి. ఏళ్ల తరబడి రోజూ తాగిన మనిషి ఒక్కసారిగా మానితే, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్, ఆ తర్వాత మతి చెదరడం, లేనివి కనిపించడం జరగవచ్చు, ప్రాణానికీ ముప్పు రావచ్చు. ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చినవారికి ఈ ముప్పు మరీ ఎక్కువ. అలాంటి మనిషిని నాటకాలాడుతున్నాడని గదిలో పెట్టి గొళ్లెం వేయకండి. మానే రోజుకు ముందే డాక్టరుకు చూపించండి.