వాడేసిన ఉత్ప్రేరకాల నుంచి లోహాలు: చర్చా కార్యక్రమం

సమన్వయకర్త: చమురు శుద్ధి కర్మాగారాల్లో పని ముగిసిన ఉత్ప్రేరకంలో తిరిగి రాబట్టదగినది ఏముందో లోహశాస్త్ర ఆచార్యులు ముందుగా వివరించాలని కోరుతున్నాను.

ఆచార్యులు: నాఫ్తా అనే తేలికపాటి చమురు భాగాన్ని పెట్రోలుకు పనికొచ్చేలా మార్చే రిఫార్మింగ్‌లో వాడే ఉత్ప్రేరకంలో ప్లాటినం సుమారు 0.3 శాతం, అంటే టన్నుకు 3 కిలోల దాకా ఉంటుంది. గనిలో తవ్విన ఖనిజంలోనైతే టన్నుకు కొన్ని గ్రాములే దొరుకుతుంది. కాబట్టి దాన్ని ఎవరూ పారేయరు. నా ఆందోళన అంతా గంధకాన్ని తొలగించే ఉత్ప్రేరకాల గురించే. అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడు) గుళికల మీద మాలిబ్డినంతో పాటు కోబాల్టునో నికెల్‌నో చేర్చి వాటిని తయారుచేస్తారు. భారమైన ముడిచమురు భాగాలను శుద్ధి చేస్తున్నప్పుడు ఆ చమురులోని వెనేడియం, నికెల్ కూడా గుళికల రంధ్రాల్లో పేరుకుపోతాయి. ఆ విధంగా గుళిక తనలో లేని లోహాన్ని కూడా మోసుకొని బయటికి వస్తుంది.

సమన్వయకర్త: రియాక్టరు నుంచి వాటిని దించడమే పెద్ద ప్రమాదమని అంటారు.

ఇంజినీరు: అవునండి. లోహ సల్ఫైడ్లు, కోక్ (గుళికల మీద పేరుకునే బొగ్గులాంటి పదార్థం), చమురు నిండిన ఆ గుళికలు గాలి తగిలితే తమంతట తామే వేడెక్కి అంటుకోగలవు, అందుకే రియాక్టరులో నైట్రోజన్ నింపి వాటిని దించుతారు. అక్కడ లోపలికి దిగే కార్మికుడికి గొట్టం ద్వారా వచ్చే శ్వాసగాలే ఆధారం; లాభనష్టాల చర్చలో ఆ మనిషి ప్రస్తావన రాకపోవడం నన్ను బాధిస్తుంది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1998లో ఇలాంటి ఉత్ప్రేరకాలను ప్రమాదకర వ్యర్థాల జాబితాలో చేర్చింది.

సమన్వయకర్త: ఆ తర్వాత లోహాలను ఎలా విడదీస్తారు?

ఆచార్యులు: ఒక ప్రధాన పద్ధతిలో, గుళికలను సోడియం కార్బొనేటుతో కలిపి భర్జనం చేస్తే, అంటే కొలిమిలో గాలి తగిలేలా వేడి చేస్తే, మాలిబ్డినం, వెనేడియం నీటిలో కరిగే లవణాలుగా మారతాయి, నికెల్, కోబాల్ట్ అల్యూమినాతో పాటు అడుగున మిగులుతాయి. ద్రావణానికి అమ్మోనియం క్లోరైడు కలిపితే వెనేడియం అమ్మోనియం మెటావెనేడేటుగా అవక్షేపిస్తుంది, మాలిబ్డినాన్ని ఆమ్లంతోనో ద్రావణి నిష్కర్షణతోనో (మరో ద్రవంలోకి లాగి వేరుచేయడం) తీస్తారు. వినడానికి తేలికగా ఉన్నా, అసలు గెలుపోటములు కొలిమిలోనే తేలిపోతాయని నా అభిప్రాయం. కోక్, గంధకం మండి తమ వేడిని తామే పెంచుకుంటాయి కనుక ఉష్ణోగ్రత సులభంగా అదుపు తప్పుతుంది. సోడియంతో కలవని మాలిబ్డినం ట్రయాక్సైడు 795 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది గాని, అంతకు ముందే ఆవిరై పొగతో పోవడం మొదలవుతుంది, మరోవైపు నికెల్ అల్యూమినాతో కలిసి ఆమ్లానికి కూడా సులభంగా లొంగని స్ఫటిక పదార్థమైన స్పినెల్‌గా మారుతుంది. త్వరగా ముగించాలని మంట పెంచినవారు రెండు వైపులా నష్టపోతారు.

ఇంజినీరు: దానికి ముందే మరో నష్టం జరుగుతోందని నేను చెబుతాను. రియాక్టరులో గుళికలను నింపే అరల్లో, చమురు మొదట తాకే పై అరలోని గుళికల్లో వెనేడియం ఎక్కువగా, కింది అరల్లో తక్కువగా ఉంటుంది. అన్నిటినీ కలిపేసి పీపాల్లో నింపి, ఒకటి రెండు పీపాల నుంచి మచ్చు తీస్తే ఆ విశ్లేషణకు విలువ లేదు.

సమన్వయకర్త: అయితే కర్మాగారం రేపే చేయగలిగిన పని ఏమిటి?

ఇంజినీరు: దించేటప్పుడే ఏ అర గుళికలను ఆ అర పీపాల్లో విడిగా నింపి, మూత బిగించి, ప్రతి పీపా మీద అర సంఖ్య రాయించాలి.