ప్రార్థించమంటావా?

శ్రోతలకు నమస్కారం.

ఇవాళ ఒక రొట్టెముక్కతో మొదలుపెడతాను. అమెరికాలో ఒహాయో రాష్ట్రం, లైమా అనే ఊరు. ఫిన్ అని ఒక హైస్కూలు కుర్రాడు. ఆకలేసి, రెండు రొట్టెముక్కల మధ్య చీజ్ పెట్టుకుని కాల్చుకున్నాడు. కాలిన మచ్చలకేసి చూస్తే, గడ్డంతో, పొడుగు జుట్టుతో ఒక ముఖం. ఏసుక్రీస్తు ముఖం! కుర్రాడు తినబోయినవాడల్లా ఆగిపోయి ఆ రొట్టెకే మొక్కుకున్నాడు. మొక్కు అంటే అచ్చంగా మన మొక్కే. మా ఫుట్‌బాల్ జట్టు గెలిస్తే, మా పాటల బృందం చేత నీ మీద పాటలు పాడిస్తాను స్వామీ అని.

జట్టు గెలిచింది. ఇంకేముంది, రెండో కోరిక కోరాడు. అదేమిటో రేడియోలో చెప్పడం బాగుండదు. స్నేహితురాలి విషయంలో ఆ వయసు కుర్రాడు కోరుకునే కోరిక అనుకోండి. అదీ తీరింది. మూడోది, జట్టును నడిపించే ఆటగాడి స్థానం మళ్లీ తనకు దక్కాలని. అదీ దక్కింది. కానీ ఎలా దక్కింది? ఆ స్థానంలో ఆడుతున్న సామ్ అనే పిల్లవాడి భుజం కీలు తప్పితే దక్కింది. అక్కడ మన ఫిన్‌కు గుండె జారింది.

నవ్వుకోండి, ఫరవాలేదు. ఆ కథ రాసినవాళ్లకు కావలసిందీ అదే. అయితే ఇది మరీ గాలిలోంచి పుట్టిన కథ కాదు. 2004లో ఫ్లోరిడా రాష్ట్రంలో ఒకావిడ, మేరీమాత ముఖం కనబడుతోందంటూ పదేళ్లు దాచుకున్న ఇలాంటి రొట్టెనే ఇంటర్నెట్ వేలంలో 28,000 డాలర్లకు అమ్మింది. కొన్నది ఒక జూదం కంపెనీ. ఇక మనం నవ్వేముందు 1995 సెప్టెంబరును కూడా గుర్తు చేసుకుందాం. వినాయకుడు పాలు తాగుతున్నాడని దేశమంతా గుళ్లముందు బారులు తీరిన రోజు. నేనూ చెంచా పట్టుకుని నిలబడ్డాను. తాగాడని ఇంటికొచ్చి చెప్పాను కూడా.

ఇంతకీ ఈ రొట్టె కథ ‘గ్లీ’ అనే టెలివిజన్ ధారావాహికలోది. గ్లీ క్లబ్ అంటే అమెరికా బడుల్లో పిల్లల బృందగానానికి పాతకాలం నుంచీ ఉన్న పేరు. 2009 నుంచి 2015 దాకా ఆరు విడతలుగా ఫాక్స్ చానల్లో వచ్చింది. పాటలు, వేళాకోళం, మధ్యమధ్య కన్నీళ్లు. నేను చెబుతున్న భాగం 2010 అక్టోబరు 5న ప్రసారమైంది. దాని పేరు ‘గ్రిల్డ్ చీజస్’. జీసస్‌లో చీజ్ కలిపారు. అంతకు మించి ఆ పేరులో గొప్పతనమేమీ లేదు.

రొట్టె సంగతి అలా ఉంచండి. నేను చెప్పదలచుకున్నది అదే భాగంలో ఉన్న రెండో కథ. కర్ట్ కథ.

కర్ట్ ఆ బృందంలోని పిల్లవాడే. గొంతు సన్నన, బట్టల మీద మోజు ఎక్కువ. స్వలింగ ప్రేమికుడు. ఆ మాట దాచుకోడు. ఎనిమిదేళ్లప్పుడు తల్లి పోయింది. తండ్రి బర్ట్ కార్లు బాగుచేసే మెకానిక్. తండ్రికి టోపీ, ఆటలు. కొడుక్కి పాటలు, ఫ్యాషన్లు. ఇద్దరికీ ఒక్క అభిరుచీ కలవదు. కానీ ఆ తండ్రి కొడుకును కడుపులో పెట్టుకుని చూసుకుంటాడు. శుక్రవారం రాత్రి ఇంటిల్లిపాదీ కలిసి భోంచేయాలి అన్నది బర్ట్ పెట్టుకున్న నియమం. ఈసారి శుక్రవారం నాకు వేరే పని ఉంది, పాటల కార్యక్రమానికి వెళ్తున్నాను అన్నాడు కర్ట్. తండ్రి నొచ్చుకున్నాడు. కొడుకు పట్టించుకోలేదు. అంతే. అలాంటి చిన్న మాట ఎన్ని ఇళ్లలో రోజూ జరగదు?

తర్వాత కర్ట్ ఫ్రెంచి క్లాసులో ఉండగా ఇద్దరు టీచర్లు గుమ్మం దగ్గరకు వచ్చారు. వాళ్ల ముఖాలు చూడగానే తెలిసిపోతుంది. తండ్రికి గుండెపోటు. ఆస్పత్రిలో ఉన్నాడు, స్పృహ లేదు.

ఇక స్నేహితులంతా చుట్టూ చేరారు. మెర్సిడీస్ అనే అమ్మాయి, చర్చిలో పాడుతూ పెరిగిన గొంతు, కర్ట్ కోసమని ఒక పాట పాడింది. విట్నీ హ్యూస్టన్ పాట, దిక్కు నువ్వే అని దేవుడికేసి చూసే పాట. ఎంత బాగా పాడిందంటే, విన్నవాడు ఎవడైనా కరిగిపోవాలి. కరిగిపోతాడనే మనమూ చూస్తుంటాం. కర్ట్ కరగలేదు. నీ గొంతు చాలా బాగుంది, కానీ నేను దేవుణ్ణి నమ్మను అన్నాడు. నన్ను ఇలా పుట్టించిందీ ఆయనే, ఇలా ఉండటం నా తప్పేనని చెప్పడానికి భక్తుల్ని నా మీదికి తోలేదీ ఆయనేనా అన్నాడు. దేవుడు లేడని రుజువు చేయలేవు కదా అంటే, చంద్రుడి వెనకాల ఒక మాయ టీ కెటిల్ తిరుగుతోందంటే అది లేదని మీరూ రుజువు చేయలేరు అన్నాడు. ఇది బెర్ట్రండ్ రస్సెల్ అనే తత్వవేత్త చెప్పిన ఉపమానం. పదహారేళ్ల నోట వింటే పెడసరంగానే ఉంటుంది. దుఃఖంలో ఉన్న పిల్లవాడు పెడసరంగా కాక ఇంకెలా మాట్లాడతాడు?

ఇక్కడ ఆస్పత్రి గది వస్తుంది. ఈ గదిని కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

కర్ట్ తండ్రి గదిలోకి వచ్చేసరికి మంచం చుట్టూ ముగ్గురు అమ్మాయిలు. మెర్సిడీస్, క్విన్ క్రైస్తవులు, వేరువేరు శాఖలవాళ్లు. రేచెల్ యూదురాలు. వంతులవారీగా ప్రార్థన చేస్తున్నారు. మావి తలో దారి కదా, ఎవరో ఒకరిదైనా ఆయనకు వినబడుతుంది అని వాళ్ల లెక్క. ముద్దొచ్చే లెక్క. కర్ట్‌కు మాత్రం ఒళ్లు మండింది. నేను అడగలేదు, వెళ్లండి అన్నాడు. అనడమే కాదు, తను వెంటబెట్టుకొచ్చినది ఎవరిని? తండ్రికి సూదులు గుచ్చి వైద్యం చేయడానికి ఒక సిక్కు మహిళను! ప్రార్థన మీద నమ్మకం లేదు, సూదుల మీద ఉంది. రాసినవాళ్లు ఇక్కడ కర్ట్‌నూ వదల్లేదు. ఎవరూ ఏమీ చేయలేని చోట మనిషి ఏదో ఒకటి చేస్తాడు. ఆ ఏదో ఒకటి ఏమిటన్నదే తేడా.

బడిలో ఇంకో గొడవ. సూ అనే కోచ్ ఉంటుంది, అందరినీ నోటితో చీల్చి చెండాడే మనిషి. కర్ట్ చేత ఫిర్యాదు చేయించి దేవుడి పాటలను ఆపించింది. అమెరికాలో ప్రభుత్వ బడి తనంతట తాను పిల్లల చేత ప్రార్థన చేయించకూడదని 1962లో వాళ్ల సుప్రీంకోర్టు తేల్చింది. సూ ఆ దారాన్నే పట్టుకుంది.

కర్ట్‌ను మెర్సిడీస్ వదల్లేదు. తమ చర్చికి ఒక్కసారి రమ్మంది. వచ్చాడు, అందుకు తగ్గ టోపీ కూడా పెట్టుకుని. అక్కడ ఆమె ‘బ్రిడ్జ్ ఓవర్ ట్రబుల్డ్ వాటర్’ పాడింది. నాకు ఇష్టమైన సంగతి ఒకటి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. అది చర్చి పాట కాదు, 1970లో వచ్చిన సైమన్, గార్‌ఫంకెల్ పాట. కానీ ఆ వంతెన అన్న మాటే పాల్ సైమన్‌కు నల్లజాతివారి భక్తిగీతం ఒకటి వింటుంటే దొరికింది. చర్చిలోంచి బజారుకు వెళ్లిన పాట, నలభై ఏళ్లకు మళ్లీ చర్చికి వచ్చింది. పాటకు లేని పట్టింపు మనకెందుకో.

ఆ పాట విని కర్ట్ మారిపోయాడా? లేదు. కళ్లు చెమర్చాయి, కృతజ్ఞత చెప్పుకున్నాడు. నమ్మకం మాత్రం రాలేదు. ఈ భాగంలో నాకు అన్నిటికంటే నచ్చినది ఇదే. ఇలాంటి కథల్లో నాస్తికుడు చివర్లో చేతులు జోడించాలి. మన సినిమాల్లో అయితే సరిగ్గా అప్పుడే గుడి గంటలు వాటంతట అవే మోగాలి. ఇక్కడ గంటలు మోగలేదు. గ్లీ రాసినవాళ్ల మీద నాకు నూటొక్క ఫిర్యాదులున్నాయి, ఒక వారం రాసింది మరో వారానికి మరిచిపోతారు. ఈ ఒక్కచోట మాత్రం నిలబడ్డారు.

కర్ట్ పాట ఏమిటో తెలుసా? బీటిల్స్ పాట. నీ చేయి పట్టుకోవాలని ఉంది అనే పాట. 1963లో వచ్చింది. అసలు పాట చప్పట్లు కొడుతూ గెంతే కుర్రకారు పాట, ప్రేయసిని అడిగే మాట. కర్ట్ దాన్ని నెమ్మదిగా, చాలా నెమ్మదిగా పాడాడు. పాడేముందు చెప్పాడు. అమ్మను మట్టిలోకి దింపుతున్న రోజు ఏడుస్తూ నాన్న వైపు చూశాను, నాన్న నా చేయి పట్టుకుని నొక్కాడు, ఆ చేయి ఉందన్న ధైర్యంతోనే ఇంతవాణ్ణయ్యాను అని. పాట నడుస్తుండగా చిన్న కర్ట్ కనిపిస్తాడు. సైకిల్ నేర్పే తండ్రి. బొమ్మ టీ కప్పుతో ఆడే కొడుకు ఎదురుగా కూర్చుని తాగినట్టు నటించే తండ్రి. చివరికి సమాధి దగ్గర ఆ చేయి. ఇంత వయసు వచ్చాక నేను టెలివిజన్ చూసి ఏడవడం అరుదు. ఏడ్చాను. కర్ట్ పాత్ర వేసిన క్రిస్ కోల్ఫర్‌కు 2011 జనవరిలో గోల్డెన్ గ్లోబ్ ఇచ్చారు. ఇవ్వకపోతే నేనే ఏదో ఒకటి ఇచ్చేదాన్ని.

ఇప్పుడు సూ సంగతి. ఆ నోటి దురుసు కోచ్‌కు ఒక అక్క ఉంది, జీన్. పుట్టుకతోనే డౌన్ సిండ్రోమ్. చిన్నప్పుడు అక్కను అందరూ ఏడిపిస్తుంటే, అక్కను బాగుచేయమని సూ రోజూ ప్రార్థించింది. బాగుకాలేదు. నమ్మకం అక్కడ పోయింది. ఇదంతా అక్కకే చెప్పుకుంది. జీన్ విన్నది. దేవుడు తప్పులు చేయడు, నేను నమ్మేది అది అన్నది. అన్నాక ఒక మాట అడిగింది. నీ కోసం ప్రార్థించమంటావా?

బాగుంటుంది అన్నది సూ. ఆ సూ!

విన్నారు కదా. అడిగింది. ఆస్పత్రి గది గుర్తుందా? అక్కడ ముగ్గురు చదువుకున్న పిల్లలు, ఎంతో ప్రేమతో, అడగకుండా మొదలుపెట్టారు. ఇక్కడ జీన్ అడిగింది. ప్రేమ రెండుచోట్లా ఉంది. అడగడం ఒక్కచోటే ఉంది. కర్ట్ కూడా చివర్లో, స్పృహలేని తండ్రి పక్కన కూర్చుని, వాళ్లను ప్రార్థన చేయనిచ్చి ఉండాల్సింది, అది నా గురించి కాదు, నీ గురించి అని ఒప్పుకుంటాడు. దేవుణ్ణి నమ్మను నాన్నా, నిన్ను నమ్ముతాను అంటాడు. తండ్రి వేలు కదులుతుంది. అంతటితో ఆపారు. ఎవరి వల్ల కదిలిందో చెప్పలేదు.

కర్ట్ అలా ఒప్పుకున్నా, నేను మాత్రం ఒప్పుకోను. అడగాల్సిందే.

మా నాన్నగారికి గుండె ఆపరేషన్ అయినప్పుడు వచ్చినవాళ్లు వచ్చినట్టు దిండు కింద ఒక్కొక్కటి పెట్టి వెళ్లారు. మేనత్త విభూతి పొట్లం. పక్కింటి మేరీ పిన్నిగారు ప్రార్థన చేయించిన నూనె సీసా. నాన్నగారి స్నేహితుడు బాషా మామయ్య తెచ్చిన దర్గా తాయెత్తు. నేను గుడి నుంచి తెచ్చిన కుంకుమ. నాన్నగారు ఏ గుడికీ వెళ్లే మనిషి కాదు, ఆ సంగతి మా అందరికీ తెలుసు. ఒక్కరమూ అడగలేదు. మెలకువ వచ్చాక దిండు కింద తడిమి, ఒక్కొక్కటే బయటికి తీసి, వీటన్నిటి మధ్యా నా కళ్లద్దాలెక్కడ పెట్టారు అన్నారు. నవ్వాం. ఆయన మాత్రం నవ్వలేదు.

అందుకని ఈ వారంలో ఎవరైనా ఆస్పత్రికి పలకరింపుకు వెళ్తుంటే, పళ్లు తీసుకెళ్లండి, పొట్లమూ తీసుకెళ్లండి. తీసేముందు అడగండి. మీ కోసం దణ్ణం పెట్టుకోనా, ప్రార్థన చేయనా, దువా చేయనా? మాట ఏదైనా సరే. రోగి మాట్లాడలేకపోతే పక్కనున్న కొడుకునో కూతురినో అడగండి. వద్దంటే ఇంటికెళ్లి చేసుకోండి, అడ్డెవరు? ఇక నమ్మకం లేని పిల్లలకు ఒక మాట. ఎవరైనా అడిగితే, కుదిరితే సరేననండి. సూ అంతటిదే అన్నది.

2012లో అదే గ్లీలో జో అనే భక్తుడైన పిల్లవాడు వచ్చాడు. ఒంటి మీద బైబిలు వాక్యాల పచ్చబొట్లు. ఒకరినొకరు ప్రేమించుకున్న ఇద్దరు అమ్మాయిల కోసం నువ్వు పాడతావా అని అడిగితే ఆలోచించుకుని, పాడాడు. అదీ బాగుంటుంది, కానీ సమయం లేదు, అవతల స్టూడియోవారు గడియారం చూపిస్తున్నారు.

ఫిన్ రొట్టె ఏమైందో చెప్పలేదు కదూ. భుజం కీలు తప్పిన సామ్ సంగతి మనసులో దొలుస్తుంటే వెళ్లి బడిలో సలహాలు చెప్పే ఎమ్మా టీచరుతో చెప్పుకున్నాడు. దేవుడు రకరకాలుగా పలుకుతాడేమో కానీ బహుశా రొట్టెలోంచి పలకడు నాయనా అని ఆవిడ మెల్లగా చెప్పింది. పాపం, కుర్రాడికి ఒక్కసారిగా అంతా ఖాళీ అయిపోయింది. చివరి పాట నడుస్తుండగా ఆ దాచుకున్న రొట్టె మిగిలినంతా తినేశాడు. ఎన్నాళ్లదో ఏమో. కడుపునొప్పి వచ్చిందో లేదో చూపించలేదు.

సెలవు.