పరిసయ్యుని ప్రార్థనలో లోపమేమిటి?

శ్రోతలకు నమస్కారం.

1842లో అమెరికా నుంచి గుంటూరుకు వచ్చిన లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ గారి సంఘం బోధించినదానికి మూలం ఒక్కటే: మనిషి దేవుని యెదుట నీతిమంతుడుగా ఎంచబడేది తన క్రియల వలన కాదు, క్రీస్తునందలి విశ్వాసం వలననే. ఈ మాటను ఇక్కడి కుటుంబాలు తరాలుగా వింటున్నాయి. అయినా ఈస్టరుకు ముందు ఉపవాస ప్రార్థనలతో గడిపే శ్రమల కాలం వచ్చేసరికి, నలభై దినాలూ మాంసం ముట్టలేదనీ, ఒక్క ఉపవాస కూడిక కూడా తప్పలేదనీ మనసులో ఒక పద్దు రాసుకుంటూనే ఉంటాం.

లూకా సువార్త 18వ అధ్యాయంలో యేసు చెప్పిన ఉపమానంలో ఇద్దరు ప్రార్థించడానికి దేవాలయానికి వెళ్ళారు: ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే యూదుల శాఖకు చెందిన ఒక పరిసయ్యుడు, పన్నులు వసూలు చేసేవాడని జనం పాపిగా చూసే ఒక సుంకరి. తన నిష్ఠను దేవునికి చెప్పుకొన్న పరిసయ్యుడు అబద్ధమాడలేదు. ధర్మశాస్త్రం విధించిన ఉపవాసం ఏడాదికి ఒక్కరోజే, ప్రాయశ్చిత్త దినాన. అతడు వారానికి రెండుసార్లు చేశాడు, సంపాదనంతటిలో పదియవ వంతు ఇచ్చాడు, పైగా తన ప్రార్థనను కృతజ్ఞతతోనే ఆరంభించాడు. ఇంత చేసినవాడు మన సంఘంలో ఉంటే పెద్దల కమిటీలోకి తీసుకోమా? లోపం అతని పనుల్లో లేదు. వాటిమీద ఆనుకొని దేవుని యెదుట నిలబడి, పక్కవాణ్ణి తక్కువగా చూడటంలో ఉంది. దూరంగా నిలిచి, కన్నులెత్తక, రొమ్ము కొట్టుకొన్న సుంకరికి చూపించుకోవడానికి ఏమీ లేదు. కరుణించమని మాత్రమే అడిగాడు, నీతిమంతుడుగా తీర్చబడి ఇంటికి వెళ్ళాడు.

అపొస్తలుడైన పౌలుకైతే చూపించుకోవడానికి చాలా ఉంది. ఎనిమిదవ దినాన సున్నతి, బెన్యామీను గోత్రం, పరిసయ్యుల నిష్ఠ. ఫిలిప్పీయులకు రాసిన పత్రికలో వాటన్నిటినీ వరుసగా చెప్పి, క్రీస్తు నిమిత్తం నష్టంగా ఎంచుకొన్నానన్నాడు.

ఇంతకన్నా సున్నితమైన చిక్కు మరొకటి ఉంది. దేవుడు చేసిన మేలును గూర్చి సంఘంలో సాక్ష్యం చెప్పేటప్పుడు, నా విశ్వాసం గట్టిది కనుకనే జబ్బు నయమైందని కొందరు అంటారు. అలా అన్నప్పుడు నమ్మకం క్రీస్తు మీద నుంచి మన నమ్మకం మీదికే జారిపోతుంది. నయం కాక మంచంలోనే ఉన్న పొరుగువానికి విశ్వాసం చాలలేదన్న నింద కూడా మిగులుతుంది. ఇది నాకు మరీ కఠినంగా తోస్తుంది.

మరి సత్క్రియలు అక్కరలేదా అని అడిగేవారు లూకాలోనే తరువాతి అధ్యాయం చదవాలి. జక్కయ్య కూడా సుంకరే. ఆస్తిలో సగం బీదలకిస్తాననీ, అన్యాయంగా తీసుకొన్నది నాలుగింతలు తిరిగి చెల్లిస్తాననీ అతడు అన్నది, నేడు నీ యింట ఉండవలసి ఉన్నదని యేసు చెట్టు కింద నిలిచి పిలిచిన తరువాతనే.