రంగుమందులోని ఉప్పదనం, గుండె పట్టు
అధ్యక్షులకు, పెద్దలకు, నెల్లూరు పురప్రజలకు నమస్కారాలు. గుండె దాకా సన్నని గొట్టం పంపి పరీక్షించే క్యాథ్ ల్యాబ్‌లో ముప్పై ఏళ్లు టెక్నీషియన్‌గా పనిచేసినవాణ్ణని, గుండె జాగ్రత్తల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. కూరలో ఉప్పు తగ్గించమని డాక్టరుగారు ఇంతకుముందే చెప్పారు కనుక, గుండె రక్తనాళాలను ఎక్స్‌రేలో చూసే యాంజియోగ్రామ్‌లో ఎక్కించే రంగుమందు ఉప్పదనం గురించి నేను చెబుతాను.

ఆ మందులో ఎక్స్‌రేను అడ్డుకునేది అయోడిన్. పాతకాలపు డయాట్రిజోయేట్ మందు నీటిలో రెండు అయాన్లుగా, అంటే విద్యుదావేశమున్న రెండు ముక్కలుగా, విడిపోయేది. కరిగిన ముక్కలు పెరిగేకొద్దీ గాఢత పెరుగుతుంది. ఆ ముక్కలను లెక్కపెట్టే మిల్లీఆస్మాల్ కొలతలో మన రక్తం గాఢత కిలోకు 290 దగ్గర ఉంటే, దానిది 1500 దాటేది. అది గుండె కండరానికే రక్తం అందించే కరోనరీ ధమనిలోకి పోగానే, ఉప్పు చల్లిన మామిడిముక్క ఊట వదిలినట్టు గుండె కణాలు నీరు వదిలి కుంచించుకుపోయేవి. పైగా మందు చెడకుండా కలిపే సిట్రేటు, ఈడీటీఏ రక్తంలోని కాల్షియాన్ని పట్టేసుకునేవి. గుండె కణం ముడుచుకోవాలంటే బయటి కాల్షియం కొంత లోపలికి వచ్చి, లోపలి నిల్వలను విడిపించి, అదంతా కణాన్ని ముడుచుకునేలా చేసే ట్రోపోనిన్ అనే ప్రొటీన్‌ను అంటుకోవాలి. ఆ కొంతా అందకపోతే పట్టు సడలుతుంది. రక్తం వచ్చి మందును కడిగేశాక కణం తేరుకుంటుంది. గట్టి గుండెకు అవి కొన్ని క్షణాలే. అప్పటికే నీరసించిన గుండె ఆ క్షణాలకే తట్టుకోలేకపోవచ్చు.

1958లో క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో మేసన్ సోన్స్ అనే వైద్యుని చేతిలో మందు పొరపాటున కుడి కరోనరీ ధమనిలోకి పోయి, రోగి గుండె ఆగింది. ఆయన దగ్గమన్నారు, రోగి దగ్గాడు, గుండె తిరిగి కొట్టుకుంది. దగ్గుకు బృహద్ధమనిలో ఒత్తిడి పెరిగి, మందు ముందుకు కొట్టుకుపోతుంది. మానిటర్ మీద గీత సాగిపోతుంటే "దగ్గండి, గట్టిగా దగ్గండి" అని నేనూ ఎన్నిసార్లు అరిచానో!

మైపాడు సముద్రంలో మునిగితే కళ్లు మండుతాయి, పులికాట్‌లో ఉప్పు తగ్గిన రోజుల్లో అంతగా మండవు. స్వీడన్ రేడియాలజిస్టు టోర్‌స్టెన్ ఆల్మెన్‌కు తన దేశపు సముద్రాల్లో ఈ తేడాయే తట్టి, అయాన్లుగా విడిపోని మందు చేయాలన్న ఆలోచన వచ్చింది. ఆ దారిలో వచ్చిన అయోహెక్సాల్ గాఢతను సగానికి తగ్గించింది. తర్వాతి అయోడిక్సనాల్ సోడియం, కాల్షియం కూడా కలుపుకుని రక్తంతో సమానమైంది.

1991లో మా పెద్దన్నకు ఒక నగరంలోని ఆసుపత్రిలో యాంజియోగ్రామ్ చేశారు. కొత్త మందు ఖరీదని పాతదే ఎక్కించారు. అలా రెండు రకాలున్నాయని మాకు చెప్పనేలేదు. చెప్పి ఉంటే పొలం కుదువపెట్టయినా తెచ్చేవాళ్లం. బీపీ పడిపోయింది, దగ్గమని అరిచారు, బతికాడు. ఇక్కడ కూర్చున్న యువ టెక్నీషియన్లారా, దయచేసి బల్ల మీద పడుకోబెట్టకముందే రోగితో మాట్లాడండి: ఒళ్లంతా వేడెక్కుతుందని, అవసరమైతే దగ్గమంటామని, ఎక్కించే మందు పేరిదని. వార్డుకు తెచ్చాక మా అన్న నా చెయ్యి పట్టుకుని అడిగింది ఇంతే: "ఒళ్లంతా అగ్గి పెట్టినట్టయిందిరా, పోతన్నాననుకున్నా. ముందే ఒక్క మాట చెప్పుండొచ్చు గదరా?"